కుక్క తోక పట్టుకుని సముద్రం ఈదేవారి మనవి

మహారాజశ్రీ ఐరోపా సమాఖ్య పెట్ పాస్‌పోర్టు వారి సముఖానికి,

నమస్కారాలు. కుక్క చిప్పు, టీకాల వివరాలన్నీ మోసే చిన్న పుస్తకం తమరు. పడవలో చార్టు బల్ల సొరుగులో, జిప్పు సంచీలో, ఉప్పుతేమ తగలకుండా క్షేమంగా ఉన్నారని తలుస్తాం. తెరచాప పడవ మీద కుక్కను వెంటబెట్టుకుని యూరప్ తీరాలు చుట్టే దంపతుల తరఫున ఈ నాలుగు ముక్కలు. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదలేమని మా సామెత. ఆ సామెత పుట్టించినవాడు తమర్ని చూసి ఉండడు. యూరప్ నీళ్లలో గట్టి పట్టున్నది ఆ తోకకే.

లెక్క చూడండి. యూరప్ బయటి పాస్‌పోర్టున్న మనిషి, భారతీయుడైనా బ్రెగ్జిట్ తర్వాతి ఇంగ్లిషువాడైనా, షెంగెన్‌లో, అంటే యూరప్ దేశాల ఉమ్మడి వీసా ప్రాంతంలో, ప్రతి 180 రోజుల్లో 90 రోజులే ఉండాలి. 2025 అక్టోబరు 12 నుంచి ఆ రోజులు లెక్కపెట్టే పని కంప్యూటరుకు అప్పజెప్పడం మొదలుపెట్టారు, కాబట్టి ముద్ర మసకేసిందనే సాకు కూడా పోతోంది. వాళ్ల పడవకు, అది యూరప్ బయట రిజిస్టరైనదైతే, పన్ను కట్టకుండా 18 నెలలు ఉండనిస్తారు. కుక్కకో? టీకా గడువు దాటనంతకాలం అడిగే నాథుడు లేడు. మన వీసాకు బ్యాంకు స్టేట్‌మెంటు, 35 బై 45 మిల్లీమీటర్ల ఫోటో తప్పనిసరి. తమరి పుస్తకంలో కుక్క ఫోటో అంటించినా సరే, మానినా సరే. తొంభయ్యో రోజున యజమానులు విమానం ఎక్కాలి, పడవా కుక్కా మాత్రం నిక్షేపంగా ఉండొచ్చు. తాళంచెవులు కుక్క మెళ్లో కట్టి వెళ్లడమే తరువాయి.

తమరి ఆచారాల్లో కొన్నింటికి చేతులు జోడిస్తాం. ముందు కుక్క చర్మం కింద 15 అంకెల గుర్తింపు చిప్పు, ఆ తర్వాతే రేబిస్ టీకా. రెండూ ఒకేరోజు అయినా ఫర్వాలేదు గానీ, వరస తప్పితే వేసిన టీకా వేయనట్టే. కుక్కపిల్లకు 12 వారాలు నిండాకే టీకా, ఆపైన 21 రోజులు ఆగాలి. బూస్టరు ఒక్కరోజు ఆలస్యమైతే మళ్లీ మొదటి టీకా లెక్క, మళ్లీ 21 రోజులు. రేబిస్ సోకితే చావే గనక ఈ పట్టుదలకు మేం ఎదురు చెప్పం. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడల్లా చిప్పును రీడరుతో చదివించుకోమని తోటివారికి చెబుతాం. అది చర్మం కింద జారుతుంది, ఒక్కోసారి మూగబోతుంది. రేవులో అధికారి ముందు మూగబోతే తమరెంత దళసరి అట్టతో ఉన్నా లాభం లేదు.

మా పేచీ అంతా బద్దెపురుగు పేజీతోనే.

ఐర్లండ్, మాల్టా, ఫిన్లండ్, నార్వేల్లో కుక్క కాలు పెట్టాలంటే పేగుల్లోని ఆ పురుగును చంపే ప్రాజిక్వాంటెల్ మాత్ర వేసి 24 గంటలు నిండాలి, 120 గంటలు దాటకూడదు. రాహుకాలం చూసి గడప దాటే జాతి మాది. కానీ రాహువు రోజుకు గంటన్నరే పుచ్చుకుంటాడు. తమరి ముహూర్తం ఒకసారి దాటిందంటే మళ్లీ డాక్టరు, మళ్లీ ఫీజు.

ఫ్రాన్సులోని రోస్కాఫ్ నుంచి ఐర్లండ్‌లోని కార్క్ రేవుకు సుమారు 250 నాటికల్ మైళ్లు. 5 నాట్ల చొప్పున, అంటే గంటకు 5 నాటికల్ మైళ్లు పోతే, 50 గంటలు. సోమవారం ఉదయం 10కి మాత్ర వేయించారనుకుందాం. కిలోకు 5 మిల్లీగ్రాములు, అంటే 20 కిలోల కుక్కకు 100. ముహూర్తం శనివారం ఉదయం 10కి ముగుస్తుంది. ఐర్లండ్ గడియారం గంట వెనక గనక అక్కడ 9కే. కాబట్టి గురువారం ఉదయం 8 లోపు తాళ్లు విప్పేయాలి. ఆ సముద్రంలో అల్పపీడనాలు ఒకదాని తోక పట్టుకుని ఇంకొకటి వస్తాయి. ముందు నైరుతి గాలి, పీడనం దాటాక వాయవ్యపు గాలి. పడవ పోవాల్సిందీ వాయవ్యానికే. ప్రయాణాలకు వాయవ్యం మంచిదని చెప్పే వాస్తు సిద్ధాంతిని ఆ గాలిలో ముందు డెక్కు మీద కూర్చోబెట్టాలి. ఎదురుగాలికి అటూ ఇటూ మలుపులు తిరుగుతూ పోతే 250 మైళ్లు సులువుగా 350 అవుతాయి, 50 గంటలు 70 అవుతాయి. అప్పుడు బుధవారం మధ్యాహ్నానికే బయల్దేరి ఉండాలి. తెరచాప గాలివాటం, తమరు గడియారంవాటం. మధ్యలో నలిగేది మాత్ర మింగిన కుక్క.

నార్వే దారిలో గొడవ తిరగబడుతుంది. డెన్మార్క్‌లోని హిర్ట్స్‌హల్స్ నుంచి క్రిస్టియన్‌సాండ్ 70 మైళ్లే, 14 గంటల ప్రయాణం. మాత్ర వేసిన వెంటనే మంచి గాలి పడితే 24 గంటలు నిండకముందే చేరిపోతారు. గాలి కలిసొచ్చినందుకు ఆలస్యంగా బయల్దేరాల్సిన ప్రయాణం తమరి పుణ్యమే.

అందుకే అనుభవమున్నవాళ్లు డాక్టరు అపాయింట్‌మెంటును తేదీకి కాకుండా వాతావరణ సూచనకు ముడిపెడతారు. గాలి నిలకడగా కనబడ్డాకే మాత్ర. ఏ రేవులో దిగాలో అవతలి దేశపు అధికారులతో ముందే తేల్చుకుంటారు. పేజీలో తేదీతోపాటు గంట, నిమిషం, మందు పేరు, సంతకం, ముద్ర ఉన్నాయో లేదో క్లినిక్ బల్ల దగ్గరే చూసుకుంటారు. డాక్టర్లు ఎక్కువగా మరిచేది గంటే. గంట లేకపోతే తమరి దృష్టిలో పురుగు బతికే ఉన్నట్టు.

గ్రేట్ బ్రిటన్ సంగతి ఇంకా రసవత్తరం. అక్కడ పుట్టిన తమరి తోబుట్టువులు 2021 జనవరి 1 నుంచి యూరప్‌లో చెల్లరు. ఫ్రాన్సులో పుట్టిన తమరు మాత్రం అక్కడ చెల్లుతారు, కానీ ఫ్రాన్సు నుంచి సొంత పడవలో తెచ్చిన కుక్కతో కాదు. ఫ్రాన్సులోని కలే నుంచి ఇంగ్లండ్‌లోని డోవర్ ఇరవై చిల్లర మైళ్లు, కొండలు కంటికి కనబడుతుంటాయి. అయినా కుక్క ఆమోదించిన దారిలోనే రావాలి. ఒకరు పడవ నడపాలి, ఇంకొకరు కారు అద్దెకు తీసుకుని కుక్కతో సముద్రం కింది సొరంగ రైలెక్కాలి. కుక్క 35 నిమిషాల్లో ఇంగ్లండ్‌లో ఉంటుంది. పడవలోని మనిషి అప్పటికి కలే రేవు గోడ దాటి ఉంటే గొప్ప. మాత్ర నియమం అక్కడా ఉందని వేరే చెప్పాలా?

టర్కీ వైపు వెళ్లేవారికి ఇంకో మెలిక. గ్రీకు దీవి కాస్టెలోరిజో నుంచి టర్కీలోని కాష్ ఊరు చేతికందేంత దూరం. భోజనానికి వెళ్లి రావచ్చు. కుక్క కూడా వెళ్తే, తిరిగి రావడానికి రేబిస్ యాంటీబాడీ పరీక్ష కావాలి. టీకా వేసిన 30 రోజుల తర్వాత తీసిన రక్తం, ఆమోదించిన ల్యాబు, మిల్లీలీటరుకు కనీసం 0.5 ఇంటర్నేషనల్ యూనిట్లు. అది యూరప్ వదలకముందే చేయించి తమరిలో రాయించుకుంటే, బూస్టర్లు తప్పనంతకాలం చింత లేదు. మరిచిపోయి వెళ్తే, అవతలి గట్టున రక్తం తీయించి మూడు నెలలు ఆగాలి. భారతదేశం నుంచి వెళ్లే కుక్కకూ ఇదే నియమం. హైదరాబాద్ నుంచో విశాఖ నుంచో కుక్కను తీసుకెళ్లేవారికి ఈ మూడు నెలల లెక్క టికెట్టు కొనకముందే తెలియాలి.

ఇట్లు,
గాలి అనుకూలించినా ముహూర్తం కుదరని దంపతులు

తా.క.: ఇన్ని పేజీల్లో అసలు అవసరానికి, అంటే పడవలో కుక్క కాలకృత్యాలకు, ఒక్క పేజీ లేదు. 60 సెంటీమీటర్ల చదరపు ప్లాస్టిక్ గడ్డిచాప, మూలకు ఒక కన్నం, దానికి మూడు మీటర్ల తాడు. తెరచాప స్తంభం ముందు పరచాలి. పని అయ్యాక సముద్రంలోకి విసిరి, ఈడ్చి కడగాలి. ఇంటి దగ్గరే కొన్ని వారాలు, ఒకే మాట చెబుతూ అలవాటు చేయాలి. అయినా చాలా కుక్కలు రోజంతా బిగబట్టి నేల కోసమే చూస్తాయి. కార్క్ రేవులో అధికారి తమర్ని తీరిగ్గా తిరగేస్తున్నంతసేపూ కుక్క ఆయన ప్యాంటు కాలివైపే చూస్తుంటుంది. పేజీలు తొందరగా తిరిగేలా చూడగలరు.