"థ్రెషోల్డ్ ఎంత పెట్టాలి?" అని అడగడం ఇకనైనా ఆపండి

వోకల్స్ రికార్డు చేయడానికి హార్డ్‌వేర్ కంప్రెసర్, అంటే గొంతు గట్టిగా లేచినచోట శబ్దాన్ని నొక్కే మెషీన్, కొన్నవాళ్ళు పెట్టె విప్పిన గంటలోపే ఆన్‌లైన్ గ్రూపుల్లో అడిగే ప్రశ్న ఒకటుంది. "థ్రెషోల్డ్ ఎంత పెట్టాలన్నా? రేషియో ఎంత?" దాని కింద పడే జవాబులు ఇంకా ఘోరం. "మైనస్ పది పెట్టు బ్రో, ఫోర్ ఈజ్ టు వన్, ఎటాక్ పది, రిలీజ్ వంద, కళ్ళు మూసుకుని పాడించెయ్." దీనికి లైకులు కూడా దండిగా వస్తాయి. అడిగినవాడు ఆ నంబర్లే పెడతాడు, గొంతు గొట్టంలోంచి వచ్చినట్టుంటుంది, నెల తిరక్కుండా మెషీన్ మంచిది కాదని అమ్మకానికి పెడతాడు.

ఒక్కసారి లెక్క చూడండి. థ్రెషోల్డ్ అంటే ఏ లెవెల్ దాటితే నొక్కడం మొదలవ్వాలో చెప్పే గీత, రేషియో అంటే దాటినదాన్ని ఎన్నో వంతుకి దించాలన్నది, ఎటాక్ అంటే నొక్కడానికి పట్టే సమయం, రిలీజ్ అంటే వదలడానికి పట్టే సమయం. థ్రెషోల్డ్ -10 డీబీయూ (సిగ్నల్ వోల్టేజీని డెసిబెల్స్‌లో చెప్పే లెక్క), రేషియో 4:1. పల్లవి గట్టిగా ఎత్తుకున్నచోట ప్రీయాంప్ (మైకు సిగ్నల్‌ని పెంచే మెషీన్) నుంచి +2 డీబీయూ వస్తోందనుకుందాం. అంటే గీత దాటింది 12 డీబీ. అందులో నాలుగో వంతు, 3 డీబీ మాత్రమే బయటికొస్తుంది. మిగతా 9 డీబీ నొక్కేసినట్టే. ఇప్పుడు కంప్రెసర్ మీద ఒక్క నాబు కూడా ముట్టుకోకుండా, ప్రీయాంప్ గెయిన్ 6 డీబీ తగ్గించండి. దాటేది 6, వచ్చేది 1.5, నొక్కింది 4.5. సగానికి సగం! మైకుకి జానెడు దూరంలో పాడేవాళ్ళు రెండు జానల దూరానికి జరిగినా దాదాపు ఇదే జరుగుతుంది, దూరం రెట్టింపైతే నేరుగా వచ్చే శబ్దం 6 డీబీ పడిపోతుంది కాబట్టి. మరి ఎవరి ప్రీయాంప్ ఎంత తెరిచి ఉందో, ఎవరు ఎంత దూరంలో నిలబడ్డారో తెలియకుండా "మైనస్ పది" అన్న మాటకి అర్థమేమిటి? ఒకరి కళ్ళజోడు ఇంకొకరు పెట్టుకున్నట్టే.

ఇంకా తమాషా ఏమిటంటే, అందరూ కలలు కనే 1176 అనే పాత కంప్రెసర్‌లో అసలు థ్రెషోల్డ్ నాబే లేదు. 1967లో బిల్ పుట్నమ్ తెచ్చినప్పటి నుంచీ అంతే. థ్రెషోల్డ్ లోపల స్థిరంగా ఉంటుంది, ఇన్‌పుట్ నాబుతో సిగ్నల్‌నే దాని మీదకి తోయాలి. ఎటాక్ 20 నుంచి 800 మైక్రోసెకన్ల మధ్య ఉంటుంది, అంటే అతి నెమ్మదిగా పెట్టినా ఒక మిల్లీసెకను కూడా కాదు. "ఎటాక్ పది మిల్లీసెకన్లు" అన్న సలహాని ఆ మెషీన్ మీద ఎక్కడ పెడతారు? పైగా దాని ఎటాక్, రిలీజ్ నాబులు తిరగేసి ఉంటాయి, 7 దగ్గర వేగం ఎక్కువ, 1 దగ్గర తక్కువ. ఇక ఎల్‌ఏ-2ఏ అనే ఇంకో పేరున్న కంప్రెసర్‌లో ఆ రెండు నాబులూ లేనే లేవు. లోపల కాంతిని బట్టి పనిచేసే సెల్ తన పని తను చేసుకుపోతుంది. ఎటాక్ సుమారు 10 మిల్లీసెకన్లు, సగం రిలీజ్ 60 మిల్లీసెకన్లలో, మిగతా సగం ఎంతసేపు ఎంత గట్టిగా నొక్కారన్నదాన్ని బట్టి ఒక సెకను నుంచి పదిహేను సెకన్ల దాకా.

అందుకని ముందు లెవెల్ సంగతి తేల్చండి, నాబులు తర్వాత.

వరస ఇది: మైకు, ప్రీయాంప్, కంప్రెసర్, ఇంటర్‌ఫేస్ (శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే పెట్టె) లైన్ ఇన్‌పుట్. మైకుని నేరుగా కంప్రెసర్‌కి కలిపేసి "సౌండే రావట్లేదు" అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కంప్రెసర్‌కి కావలసింది లైన్ లెవెల్, మైకు ఇచ్చేది దానికి వెయ్యో వంతుకి అటూఇటూ. రెండో చిక్కు: మామూలు చిన్న ఇంటర్‌ఫేస్‌లో ప్రీయాంప్‌కీ, శబ్దాన్ని అంకెలుగా మార్చే కన్వర్టర్‌కీ మధ్య దూరే దారి ఉండదు. ఇన్సర్ట్ జాక్ ఉంటే సరే, లేకపోతే విడిగా ఒక ప్రీయాంప్ కొనాల్సిందే. ఈ ముక్క కంప్రెసర్ కొనేముందు ఎవరూ చెప్పరు, చెప్పేవాళ్ళ మాట ఎవరూ వినరు.

కంప్రెసర్ నుంచి వచ్చే వైరు ఇంటర్‌ఫేస్ ముందున్న కాంబో జాక్‌లోకి ఎక్స్‌ఎల్‌ఆర్ అనే మూడు పిన్నుల ప్లగ్గుతో గుచ్చకండి. అది మైకు ప్రీయాంప్‌లోకి పోతుంది. లైన్ లెవెల్ అక్కడికెళితే గెయిన్ పూర్తిగా తగ్గించినా ఎర్రలైటే. 48 వోల్టుల ఫాంటమ్ (మైకు వైరులోంచే మైకుకి పంపే కరెంటు) ఆన్‌లో ఉంటే ఇంకా ముప్పు, ఆ కరెంటు కంప్రెసర్ అవుట్‌పుట్‌లోకి ఎదురెక్కుతుంది. మూడు కండక్టర్ల టీఆర్‌ఎస్ వైరుతో లైన్ ఇన్‌పుట్‌కే ఇవ్వండి, ఫాంటమ్ ఆపి. మరి కండెన్సర్ మైకు సంగతి? దానికి ఫాంటమ్ ఇవ్వాల్సింది విడి ప్రీయాంప్, ఇంటర్‌ఫేస్ కాదు.

వెనకాల +4, -10 అని ఒక స్విచ్ ఉంటే చూసుకోండి. +4 డీబీయూ అంటే 1.23 వోల్టులు, -10 డీబీవీ అంటే 0.316 వోల్టులు. రెండింటి మధ్య తేడా దాదాపు 12 డీబీ. ప్రీయాంప్ ఒక లెవెల్‌లో, కంప్రెసర్ ఇంకో లెవెల్‌లో ఉంటే పైన చెప్పిన లెక్కలన్నీ ఆ 12 డీబీ మేర తప్పుతాయి, మీరు మాత్రం ఎటాక్ నాబు తిప్పుతూ కూర్చుంటారు.

తర్వాత కంప్రెసర్‌ని బైపాస్‌లో పెట్టండి, అంటే నొక్కకుండా సిగ్నల్‌ని అలాగే వదిలేలా. పాటలో అన్నిటికన్నా గట్టిగా పాడే చరణాన్ని నిజంగా పాడించండి. "హలో, మైక్ టెస్టింగ్" పనికిరాదు, మాటకీ తారస్థాయి పాటకీ 10-15 డీబీ తేడా తేలిగ్గా వస్తుంది. ప్రీయాంప్ అవుట్ సగటున 0 వీయూ (సగటు లెవెల్ చూపే సూది మీటరు లెక్క) దగ్గర ఆడేలా గెయిన్ పెట్టండి. కంప్యూటర్‌లో శిఖరాలు -10, -12 డీబీఎఫ్‌ఎస్ (0 దాటితే క్లిప్ అయి చిట్లే డిజిటల్ లెక్క) దగ్గర ఆగితే చాలు. 24 బిట్లలో రికార్డు చేస్తున్నప్పుడు మీటరు నిండా నింపాలన్న ఆత్రం అక్కర్లేదు. నిజానికి ఒకప్పుడు కంప్రెసర్ పెట్టడానికి సగం కారణం టేపు హిస్సు పైన, డిస్టార్షన్ కింద సిగ్నల్‌ని ఇరికించడం. ఆ అవసరం ఇప్పుడు లేదు. "క్లిప్ అవకుండా కంప్రెసర్" అంటే గెయిన్ తగ్గించడానికి బద్ధకించడమే.

లో-కట్ (అడుగు శబ్దాల్ని కోసే ఫిల్టరు) కూడా ఇక్కడే, కంప్రెసర్‌కి ముందే, 80 హెర్ట్జ్ దగ్గర. ప, బ, భ పలికినప్పుడు వచ్చే గాలిదెబ్బ చెవికి పెద్దగా వినపడకపోయినా కంప్రెసర్‌కి మాత్రం కొండంతగా కనిపిస్తుంది. "భామ" అన్న మాటలో భకి మీటరు సూది పడిపోయి, ఆ వెనకున్న "ఆ" అచ్చు మింగేసినట్టు పోతుంది. కంప్రెసర్ తర్వాత ఈక్యూలో కట్ చేసి లాభం లేదు, నొక్కడం అప్పటికే అయిపోయింది.

ఇప్పుడు నాబులు. చెవికి ఎటాక్, రిలీజ్ తెలియాలంటే ముందు అతిగా చేసి చూడాలి. రేషియో ఉన్నంత పైకి తీసుకెళ్ళండి, 10-15 డీబీ పడేదాకా థ్రెషోల్డ్ కిందికి దించండి. వినడానికి దరిద్రంగా ఉంటుంది, ఉండాలి కూడా. ఎటాక్ అతి నెమ్మదిలో పెట్టి, అక్కణ్ణుంచి వేగం పెంచుతూ రండి. క, ట, త ల అంచు మొదట టకటకమని వినిపిస్తుంది. ఒకచోట ఆ అంచు చచ్చి, నోటికి గుడ్డ కట్టుకుని పాడినట్టవుతుంది. అక్కణ్ణుంచి కొంచెం వెనక్కి రండి, అదే మీ ఎటాక్. దాని మీద అంకె ఎంతుందో నాకు చెప్పనక్కర్లేదు.

రిలీజ్‌కి ఊపిరి తీసే చోట్లు చూడండి. సూది ఆ సందులో సున్నా దాకా తిరిగి రావాలి. మరీ ఆలస్యమైతే గట్టి మాట తర్వాత వచ్చే మెత్తని మాటలు పోతాయి. మరీ వేగమైతే ఊపిరి శబ్దం "హుఫ్" అని మీదకి దూకుతుంది. మగగొంతు మంద్రంలో ఇంకో రోగం కూడా. 100 హెర్ట్జ్ స్వరంలో ఒక్కో తరంగం 10 మిల్లీసెకన్లు. రిలీజ్ దానికి దగ్గరకొస్తే కంప్రెసర్ పాటని వదిలేసి తరంగం ఆకారాన్నే వెంబడిస్తుంది, బొంగురు డిస్టార్షన్ మొదలవుతుంది. వైరు పాడైందనుకుని మార్చేస్తుంటారు.

ఆ రెండూ కుదిరాక రేషియో 3:1 దగ్గరికి దించండి. గట్టి లైన్లలో 3, 4 డీబీ పడాలి, మెత్తని లైన్లలో సూది కదలకూడదు. పాటంతా సూది 4 దగ్గరే వేలాడుతోందంటే అది కంప్రెషన్ కాదు, వాల్యూమ్ తగ్గించుకుని మళ్ళీ మేకప్ గెయిన్‌తో పెంచుకోవడం. గమకాలు, ఆలాపన ఎక్కువున్న పాటకి ఇంకా తక్కువ చాలు. అక్కడ స్వరం ఊగడంలో ఉన్న పెరుగు తరుగులే అందం, వాటిని చదును చేస్తే హార్మోనియం మీద మెట్టు నొక్కి పట్టినట్టుంటుంది. రికార్డు చేసేటప్పుడు నొక్కింది తర్వాత సాగదీయలేం. మిక్సింగ్‌లో ఇంకో 4 డీబీ ఎప్పుడైనా వేసుకోవచ్చు.

మీటరు విషయంలో ఒక మాట. 1176 లాంటివాటికి మీటరు పక్కన జీఆర్ (గెయిన్ రిడక్షన్, అంటే ఎంత నొక్కిందో), +8, +4 బటన్లుంటాయి. +4 నొక్కి ఉంటే సూది చూపించేది అవుట్‌పుట్ లెవెల్. దాన్ని చూస్తూ "ఎంత బాగా కంప్రెస్ చేస్తోందో" అని మురిసిపోయేవాళ్ళకి లెక్కలేదు. జీఆర్‌లో ఉంటే సూది సున్నా దగ్గర నిలబడి ఎడమకి పడాలి. పైగా వీయూ సూది స్వభావం నిదానం, గమ్యం చేరడానికి 300 మిల్లీసెకన్లు పడుతుంది. వేగంగా నొక్కే మెషీన్ మీద సూది 3 చూపిస్తుంటే లోపల జరిగేది అంతకన్నా ఎక్కువే.

మేకప్ గెయిన్ పెట్టేటప్పుడు బైపాస్ వేసీ తీసీ రెండింటి శబ్దం సమానం చేయండి. 1 డీబీ పెద్దగా వినిపించినా చెవి దాన్నే "వెచ్చగా ఉంది, నిండుగా ఉంది" అంటుంది. ఇంటర్నెట్‌లో కంప్రెసర్ల మీద ఉన్న కవిత్వంలో చాలా భాగం ఈ 1 డీబీదే. ఇంకోటి, 6 డీబీ నొక్కి 6 డీబీ మేకప్ ఇచ్చారంటే, పాట లేని చోట ఫ్యాను, ఏసీ, హెడ్‌ఫోన్ నుంచి కారే తాళం క్లిక్ కూడా 6 డీబీ పెరిగినట్టే. గదిలో శబ్దం ఉన్నవాళ్ళకి కంప్రెసర్ ఖర్చుకన్నా గోడలమీద ఖర్చు మేలు.

స, ష లు కోస్తున్నాయంటే కంప్రెసర్‌ని ఇంకా బిగించొద్దు. అచ్చుల్లో ఉన్న శక్తి సకారంలో ఉండదు, కాబట్టి కంప్రెసర్ అచ్చుని తొక్కుతుంది, సకారాన్ని వదిలేస్తుంది, మేకప్ గెయిన్ దాన్ని పైకి లేపుతుంది. బిగించేకొద్దీ ఇంకా కోస్తుంది. మైకుని నోటికి సూటిగా కాక కాస్త పక్కకి తిప్పండి, మిగిలింది తర్వాత సకారాల్ని తగ్గించే డీ-ఎస్సర్‌తో.

చౌక మెషీన్లలో పొరపాట్లు వేరే రకం. ఎక్స్‌పాండర్ లేదా గేటు (మెత్తని శబ్దాల్ని ఇంకా తగ్గించేవి) ఉంటే పూర్తిగా ఆపండి, అది మాట చివర్లని తినేస్తుంది. రెండు ఛానెళ్ళ మెషీన్‌లో ఒక్క మైకే ఉంటే స్టీరియో లింక్ తీసేయండి, లేకపోతే ఒక ఛానెల్ నాబులు తిప్పుతుంటే ఇంకో ఛానెల్ మాట చెల్లుతుంది. ఎక్స్‌టర్నల్ సైడ్‌చెయిన్ (బయటి ఇంకో సిగ్నల్‌ని చూసి నొక్కేలా చేసే) బటన్ నొక్కి వెనకాల ఏమీ గుచ్చకపోతే, ఎన్ని నాబులు తిప్పినా సూది కదలదు. హమ్ వస్తే అన్నిటికీ ఒకే పవర్ స్ట్రిప్ నుంచి కరెంటు, బ్యాలెన్స్‌డ్ వైర్లు. ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేయమని సలహా ఇచ్చేవాళ్ళని బ్లాక్ చేయండి, ప్రాణం పోతుంది. ట్యూబు మెషీన్ అయితే ఇరవై నిమిషాలు వేడెక్కనివ్వండి, ర్యాక్‌లో దాని పైన ఒక గడి ఖాళీ ఉంచండి.

ఇంత చదివాక "మరి ప్లగిన్ (కంప్యూటర్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ కంప్రెసర్) చాలు కదా" అంటారు. చాలామందికి చాలు. హార్డ్‌వేర్‌కి నిజంగా ఉన్న లాభం, పాడేవాళ్ళకి ఆలస్యం లేకుండా కంప్రెస్ అయిన గొంతు హెడ్‌ఫోన్‌లో వినిపించడం. సరిగ్గా ఉంటే మెత్తని చోట అరవకుండా పాడతారు. అతిగా ఉంటే ఎంత గట్టిగా పాడినా శబ్దం పెరగట్లేదని ఇంకా ఇంకా అరుస్తారు, మూడో టేక్‌కి గొంతు పోతుంది. అలా అవుతోందంటే తప్పు పాడేవాళ్ళది కాదు, మీ థ్రెషోల్డ్‌ది.

నమ్మకం లేనివాళ్ళు ప్రీయాంప్ అవుట్‌ని రెండుగా చీల్చి, ఒకటి కంప్రెసర్ గుండా, ఇంకోటి నేరుగా రెండో లైన్ ఇన్‌పుట్‌కి ఇచ్చి రెండూ రికార్డు చేసుకోండి. పని అయ్యాక నాబులన్నీ ఫోనుతో ఫొటో తీసుకోండి. అదే ఫొటోలో ప్రీయాంప్ గెయిన్ కూడా పడాలి, మైకుకీ పెదాలకీ మధ్య దూరం ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టండి. ఆ రెండూ లేకపోతే రేపు మీ ఫొటో మీకే పనికిరాదు.