ఎస్టెల్ రీల్ టీచరమ్మ కథని సగంలోనే ఎందుకు ఆపేస్తారు?

మార్చిలో మహిళా దినోత్సవం వచ్చిందంటే చాలు, వాట్సాప్ నిండా ఒకే రకం పోస్టులు. ఎక్కడో మారుమూల పిల్లలకి పాఠాలు చెప్పుకునే టీచరమ్మ, దిక్కూ మొక్కూ లేకుండా ఒంటరిగా పోరాడి నాయకురాలైపోయింది. కింద పది చప్పట్ల బొమ్మలు. అమెరికాలో వయోమింగ్‌కి చెందిన ఎస్టెల్ రీల్ గురించీ ఇదే వరస. ఆమె చేసిన పని మీద నాకు గౌరవం ఉంది. నా గొడవల్లా ఆ కథని 1898 దగ్గర టక్కున ఆపేస్తున్నందుకే.

ముందు ఆ 'ఒంటరిగా' సంగతి తేలుద్దాం. ఇలినాయిలో పుట్టిన రీల్ 1886లో వయోమింగ్‌లోని షైయెన్ ఊరికి వచ్చేసరికి ఆమె అన్న అక్కడ పేరున్న పశువుల వ్యాపారి. ఇక చట్టం. వయోమింగ్ ఇంకా రాష్ట్రం కాకముందే, 1869లోనే, అక్కడ ఆడవాళ్ళకి ఓటు హక్కు ఇచ్చారు. టీచర్ల జీతాల్లో ఆడా మగా తేడా చూపకూడదని కూడా ఆ ఏడాదే చట్టం చేశారు. అదంతా ఆదర్శమే అనుకోకండి, ఆడవాళ్ళు బహు తక్కువగా ఉన్న ఆ ప్రాంతానికి నలుగురినీ రప్పించాలన్న లెక్క కూడా ఉంది. ఏ లెక్కతో చేసినా ఆమెకి దారి పడింది.

కొన్నేళ్ళు బడిలో పాఠాలు చెప్పింది. 1890లో లారమీ కౌంటీ (మన జిల్లా లాంటిది) బడులకి సూపరింటెండెంట్‌గా జనం ఓటేసి గెలిపించారు. 1894లో రాష్ట్రం మొత్తానికి అదే పదవికి పోటీ చేసింది. గుర్రబ్బండ్ల మీద పశువుల కొట్టాలకీ గనులకీ తిరిగి ఓట్లడిగింది. గెలిచాక ఏమన్నారో తెలుసా? కౌబాయ్‌లకి సెంటు పూసిన ఉత్తరాల్లో తన ఫొటోలు పెట్టి పంపిందట, అందుకే గెలిచిందట! ఆడమనిషి గెలిస్తే కారణం ఇలాంటిదే అయ్యుండాలి మరి, అక్కడైనా ఇక్కడైనా.

ఆమె చేసిన వాటిలో నాకు బాగా నచ్చేది ఎవరూ రాయని పని. అక్కడ భూమిని 36 సెక్షన్లకొక టౌన్‌షిప్‌గా కొలిచేవారు. ప్రతి టౌన్‌షిప్‌లోనూ 16, 36 నంబర్ల సెక్షన్లని, అంటే ఒక్కొక్కటి 640 ఎకరాలు, బడుల ఖర్చు కోసం విడిగా ఉంచారు. ఆ భూముల్ని పశువులు మేపుకునేవాళ్ళకి కౌలుకిచ్చి ఆ డబ్బుతో బడులు నడపాలి. రాష్ట్ర భూముల బోర్డు రిజిస్ట్రార్‌గా ఆ కాగితాలన్నీ చూసింది రీలే. గుడి మాన్యాలు ఏయే చేతుల్లో పడి ఎలా కరిగిపోయాయో చూసిన మనవాళ్ళకి ఈ పని విలువ వేరే చెప్పక్కర్లేదు.

1898లో అధ్యక్షుడు మెకిన్లీ ఆమెని దేశంలోని ఆదివాసీ బడులన్నిటికీ సూపరింటెండెంట్‌ని చేశాడు. సెనేట్ ఆమోదించిన అంత పెద్ద ఫెడరల్ పదవిలో కూర్చున్న మొదటి మహిళ ఆమే. మన పోస్టులు ఇక్కడితో సమాప్తం.

ఆ బడులు ఎలాంటివి? చాలావరకు, పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర్నుంచి దూరంగా తీసుకొచ్చి, జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడితే శిక్షించే హాస్టల్ బడులు. వాటిని రీల్ పెట్టలేదు, నిజమే. కానీ 1901లో ఆ బడులన్నిటికీ ఒకే పాఠ్యప్రణాళిక రాసింది. అందులో విషయాల్ని ఇంగ్లీషు అక్షరక్రమంలో పేర్చింది. వ్యవసాయం, లెక్కలు, రొట్టెలు కాల్చడం, బుట్టలు అల్లడం, కమ్మరం... బట్టలుతకడం కూడా ఒక సబ్జెక్టే. ఈ పిల్లలకి తెల్లపిల్లల చదువు తలకెక్కదని ఆమె నమ్మకం. ఆ మాట దాచుకోనూ లేదు.

వాషింగ్టన్‌లో కుర్చీలో కూర్చుని రాసేసింది అందామంటే అదీ కాదు. రైళ్ళలో, బండ్లలో, గుర్రాల మీద ఆ బడుల్లో చాలావాటికి తిరిగింది. పిల్లల్ని చూసింది, చూసి కూడా అదే రాసింది. ఇక్కడ మన ఏజెన్సీ బడుల్లో పనిచేసి రిటైరైన ఒక మాస్టారు కూడా నాతో ఇలాగే అన్నారు: "వాళ్ళకి అంతకంటే ఎక్కదండీ. టైలరింగో మెకానిక్ పనో నేర్పితే బతికిపోతారు." ఆయన దుర్మార్గుడేం కాదు. ఏ పిల్లాడినీ ఒక్క దెబ్బ వేసి ఎరగడు. అందుకే నాకు ఇంకా టెన్షన్.

"ఆ కాలం అలాంటిది" అని కామెంట్లలో ఎలాగూ అంటారు కాబట్టి ముందే చెప్తున్నా. రీల్ ఆ పుస్తకం రాసేనాటికి, నెబ్రాస్కాలో ఒమాహా తెగకి చెందిన సుసాన్ లా ఫ్లెష్ డాక్టరై పన్నెండేళ్ళు. 1889లో పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో క్లాస్ ఫస్టు. అంతకుముందు తన వాళ్ళ మధ్యే, క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్ళ బడిలో, కొన్నాళ్ళు టీచర్. చదువయ్యాక తిరిగొచ్చి మంచులో గుర్రబ్బండి తోలుకుంటూ ఊరూరా వైద్యం చేసింది. సారాకి వ్యతిరేకంగా పోరాడింది, తన వాళ్ళ భూముల కోసం వాషింగ్టన్ దాకా వెళ్ళి అడిగింది, 1913లో వాల్ట్‌హిల్ ఊళ్ళో ఆసుపత్రి కట్టించింది. ఒమాహా పిల్లలకి ఏది ఎక్కుతుందో ఏది ఎక్కదో రీల్ ఈవిడని అడిగి ఉండాల్సింది.

వచ్చే మార్చిలో ఎవరైనా ఈ రెండో టీచరమ్మ గురించి రాసి ట్యాగ్ చెయ్యండి, నేనూ షేర్ చేస్తా.