చిల్లుగారు నటించిన సినిమాలు

ఈమధ్య చూసిన సినిమాలన్నిట్లోనూ నాకు ఒకే నటుడు కనిపించాడు. డైలాగు లేదు, పారితోషికం లేదు, టైటిల్స్‌లో పేరు లేదు. అయినా హత్య కథలోనూ, ప్రేమ కథలోనూ, యుద్ధంలోనూ, చివరికి పిల్లల బొమ్మల సినిమాలోనూ ఎడమ అంచున కదలకుండా మెదలకుండా నిలబడి తన పని తాను చేసుకుపోయాడు. కొత్త ఫోన్ తెరకు సెల్ఫీ కెమెరా కోసం పెట్టిన చిల్లు అది. ఇన్ని సినిమాల అనుభవం ఉన్న నటుణ్ని వాడు వీడు అనడం మర్యాద కాదు కాబట్టి ఇకనుంచి చిల్లుగారు అందాం.

ఫోన్ కొనేముందు రివ్యూలు చూశాను. డబ్బా మూత ఎంత నెమ్మదిగా ఊడుతుందో పావుగంట చెప్పినవాళ్లు చిల్లుగారి గురించి ఒక్క ముక్కతో సరిపెట్టారు: "రెండ్రోజుల్లో అలవాటైపోతుంది." అలవాటవుతుంది, నిజమే. టైమెంతయిందో, చార్జింగ్ ఎంతుందో చూసుకునేవాళ్లకు అలవాటవుతుంది. పంటినొప్పి కూడా రెండ్రోజుల్లో అలవాటవుతుందని ఏ డాక్టరూ ఇంతవరకూ అనలేదు.

ముందు ఫోన్ గొప్పలు చెప్పి తీరాలి, లేకపోతే పక్షపాతం అంటారు. తెర వెలుగు 3000 నిట్లని (నిట్ అంటే తెర వెలుగును కొలిచే కొలత) డబ్బా మీదే అచ్చేశారు. డిజిటల్ థియేటర్ తెరకు ప్రమాణంగా పెట్టుకున్నది 48 నిట్లు. అంటే థియేటర్ల వాళ్లు ఇన్నాళ్లూ మనల్ని చీకట్లో కూర్చోబెట్టి మోసం చేశారన్నమాట. ఆ 3000 తెరలో ఏదో ఒక ముక్క మీద కాసేపు మాత్రమే వెలుగుతుందన్న సంగతి డబ్బా మీద లేదు. చోటు చాలక అయ్యుంటుంది, చార్జరే పట్టని డబ్బా కదా. తెర సెకనుకు 120 సార్లు మారుతుంది. సినిమాలో సెకనుకు ఉండేది 24 ఫ్రేములు. కాబట్టి ఒక్కో బొమ్మనూ అయిదేసి సార్లు చూపిస్తుంది, మొదటి నాలుగుసార్లూ అర్థం కానివాళ్ల కోసం. ఇక సౌండు డాల్బీ అట్మాస్, అంటే చప్పుడు చుట్టూతా, తల మీంచి కూడా వినిపించే ఏర్పాటు. పెద్ద థియేటర్లో దానికి 64 స్పీకర్ల దాకా పెట్టుకోవచ్చు. ఇక్కడ రెండు. ఒకటి ఫోన్ మాట్లాడేటప్పుడు చెవికి ఆనించుకునేది, రెండోది ఫోన్ అడ్డంగా పట్టుకోగానే అరచేతి కింద పడేది. హెలికాప్టర్ మన తల మీంచే వెళ్తున్న అనుభూతి కలుగుతుందని ప్రకటనలో రాశారు. కలిగింది, నా అరచేతికి.

సరే, సినిమాల సంగతికొద్దాం. మొదటిది హత్య కథ. పేరు చెప్పను, పాపం ఆ సినిమా తీసినవాళ్లు ఏ తప్పూ చేయలేదు. వాళ్లది స్కోపు, 2.39:1, అంటే ఎత్తుకు 2.39 రెట్లు వెడల్పున్న బొమ్మ. నా ఫోన్ 20:9, అంటే 2.22 రెట్లే. లెక్క ప్రకారం పైనా కిందా సన్నటి నల్ల పట్టీలు రావాలి, సినిమా పూర్తిగా కనపడాలి. కానీ తెర మీద ఒక్క చుక్క ఖాళీగా ఉన్నా సినిమా చూపించే యాప్‌కు మనసొప్పదు. దానంతట అదే బొమ్మను తెర నిండా సాగదీసింది. వద్దని చెప్పడానికి ఒక మీట ఉంది, ప్రతి సినిమాకీ మళ్లీ మొదట్నుంచి వెతుక్కుని నొక్కాలి.

పెద్ద హాలు. మధ్యలో శవం. చుట్టూ చుట్టాలు. ఎడమ చివర పోయినాయన తమ్ముడు, సరిగ్గా ఆయన నోటి మీద చిల్లుగారు. తమ్ముడు మాట్లాడుతున్నాడు గానీ నోరు కనపడటం లేదు. ఇతనేదో దాస్తున్నాడు, డైరెక్టర్ ఎంత సున్నితంగా చెప్పాడు అనుకున్నాను. ఇన్‌స్పెక్టర్ గద్దించాడు, తమ్ముడు ఏడ్చాడు. కన్నీటి చుక్క చెంప మీదుగా జారి చిల్లుగారిలో పడి మాయమైంది. దొంగ ఏడుపే, సందేహం లేదు! ఇంతలో చార్జర్ తీగ చేతికి అడ్డొస్తోందని ఫోన్‌ను అటుదిటు తిప్పాను. బొమ్మ సర్దుకుంది, చిల్లుగారు కుడివైపుకు వెళ్లి పోయినాయన భార్య కంటి మీద కూర్చున్నారు. ఒక్క క్షణంలో నేరం చేతులు మారింది. ఆవిడ ఒంటికన్నుతో శవాన్ని చూసే చూపులో ఎంత క్రౌర్యం! మళ్లీ తిప్పాను, తమ్ముడు. మళ్లీ తిప్పాను, భార్య. ఇన్‌స్పెక్టర్ రెండు గంటలు ఊరంతా తిరిగి తేల్చలేని కేసును నేను మంచం మీంచి లేవకుండా ఎవరి మీద కావాలంటే వాళ్ల మీదకు నెట్టగలుగుతున్నాను. ఒక దశలో చిల్లుగారు ఇన్‌స్పెక్టర్ టోపీ మీదకు కూడా వెళ్లారు. పోలీసు శాఖలోనే హంతకుడున్నాడా అని కాసేపు టెన్షన్ పడ్డాను.

చివరికి హంతకుడు వంటవాడని తేలింది. ఎవరా వంటవాడు? తర్వాత మీట నొక్కి, పట్టీలు తెచ్చుకుని, మళ్లీ చూస్తే తెలిసింది. అతను మొదటి సీను నుంచీ ఉన్నాడు. ప్రతి సీన్లోనూ ఫ్రేము అంచున ట్రే పట్టుకుని నిలబడి అందరి మాటలూ వింటున్నాడు. బొమ్మను తెర నిండా సాగదీస్తే అంచులు తెర బయటికి పోతాయి కదా, అలా రెండు పక్కలా కలిపి నూటికి 7 వంతులు కోతపడ్డాయి, అతని బతుకంతా ఆ ఏడులోనే ఉంది. డైరెక్టర్ మొదటి సీన్లోనే చూపించిన హంతకుణ్ని ఫోన్ దాచేసింది. పోలీసు భాషలో దీన్ని నేరస్థుడికి ఆశ్రయమివ్వడం అంటారు.

ఏడు వంతులకే ఇంత గోలా అనకండి. రెండోది పాత నలుపు తెలుపు సినిమా. 1932లో హాలీవుడ్ అకాడమీ ఖాయం చేసిన 1.37:1 చట్రం, ఇంచుమించు చతురస్రం. దాంతో ఈ పొడుగు తెర నింపాలంటే ఎత్తులో నూటికి 38 వంతులు పోవాల్సిందే. పోయాయి. అందులో పెద్ద నాట్యం ఉంది. నర్తకి పాదాలు పోయాయి, కళ్లు కూడా పోయాయి. మధ్యలో మిగిలిన నడుము మాత్రం ఎంతో శ్రద్ధగా కనపడింది. దుప్పటి ఉన్నంతవరకే కాళ్లు చాపుకోమన్నారు పెద్దలు. దుప్పటికి మించిన కాళ్లను నరికేయమని ఎవరూ అనలేదు.

పాటలో ఒకచోట ఆమె పైకి చూసి నవ్వింది. పైన ఏముంది? మేడ మీద ఎవరో ఉండి ఉండాలి. ఆ మేడను కట్టించి, దీపాలు పెట్టించి, ఆమె చూపు ఎక్కడికి తగలాలో కొలిచి కెమెరా నిలబెట్టినవాడు ఒకడున్నాడు. మనిషి నెత్తి మీద ఎంత ఖాళీ వదలాలన్నది అతని వృత్తి. ఇప్పుడా ఖాళీ వృథా అని ఒక యాప్ తేల్చేసింది.

వేగం సంగతి మీకు తెలిసిందే. 2019లో నెట్‌ఫ్లిక్స్ ఫోన్లలో సినిమా వేగం పెంచుకునే మీటను పరీక్షిస్తే జడ్ ఆపటో, బ్రాడ్ బర్డ్ లాంటి దర్శకులు బహిరంగంగానే మండిపడ్డారు. మరుసటి ఏడాది మీట వచ్చేసింది, వాళ్ల కోపం మాత్రం మామూలు వేగంలోనే చల్లారింది. ఒకటిన్నర వేగంతో చూస్తే 150 నిమిషాల సినిమా 100 నిమిషాల్లో అయిపోతుంది. మిగిలిన 50 నిమిషాల్లో అంతే పొడుగున్న ఇంకో సినిమాను సగం దాకా చూసెయ్యొచ్చు. తల్లి చావు కబురు విన్న కొడుకు మౌనంగా కూర్చునే సీను కూడా ఆ వేగంలో చక్కగా వస్తుంది. బస్సు తప్పిపోయినవాడిలా ఉంటాడు, అంతే.

ఇవన్నీ ఓర్చుకున్నాను. చిల్లుగారితో సహజీవనానికి కూడా సిద్ధపడ్డాను. ఓర్చుకోలేనిది సినిమా అయ్యాక జరిగేది.

ఆఖరి షాట్ పడుతుంది. తెర నల్లబడుతుంది. సంగీతం మొదలవుతుంది. పేర్లు రావడం మొదలవుతుంది. రెండో పేరు పూర్తిగా రాకముందే సినిమా మొత్తం ముడుచుకుని బొటనవేలి గోరంత పెట్టెగా మారి మూలకు పోతుంది. మిగిలిన తెరంతా ఇంకో సినిమా ప్రకటన, దాని మీద అయిదు, నాలుగు, మూడు అని లెక్క. అరెస్టు చేయడానికి వచ్చినట్టు.

ఎవరి పేర్లు అవి? హీరో పేరు కాదు, అది మొదట్లోనే తెర పట్టనంత అక్షరాల్లో పడింది. ఇవి బొమ్మ మసకబారకుండా కెమెరా ఫోకస్ సరిచేసే ఫోకస్ పుల్లర్లవి, లైట్‌బాయ్‌లవి. వర్షం సీను కోసం రాత్రంతా నీళ్లు కొట్టినవాళ్లవి. హీరో నడుస్తుంటే స్టూడియోలో కూర్చుని చెప్పులతో ఆ అడుగుల చప్పుడు చేసినవాడిది. హీరో బదులు మేడ మీంచి దూకినవాడిది! ఎముకలు విరగ్గొట్టుకున్నవాడికి ఈ లోకంలో దక్కేది మూడు సెకన్లు తెర మీద నిలిచే ఒక వరుస. వాళ్లమ్మ సినిమా చివరిదాకా కూర్చునేది ఆ వరుస కోసమే. ఆ మూడు సెకన్లు కూడా ఇవ్వలేరా? 3000 నిట్లు ఇచ్చారు, 120 హెర్ట్జ్‌లు ఇచ్చారు, గోడ మీద చీమ మీసాలు లెక్కపెట్టే కెమెరాలిచ్చారు, ఒక మనిషి పేరు చదవడానికి వీలుగా చూపించలేరా? సిగ్గుండాలి. మనకు ఓపిక లేదని ఎవరు చెప్పారు వీళ్లకు? మనం అడిగామా? తరవాతి సినిమా అయిదు సెకన్లలో మొదలుపెట్టకపోతే చచ్చిపోతామని ఎవరైనా రాసిచ్చారా?

ఆ గోరంత పెట్టెను ముట్టుకుంటే సినిమా మళ్లీ పెద్దదవుతుంది. ముట్టుకున్నాను. పెద్దదయింది. వెంటనే పేర్ల మీద ఇంకో పెట్టె వచ్చింది, మేకప్ విభాగాన్ని పూర్తిగా కప్పేస్తూ: "మీకు నచ్చిందా?" కింద రెండు బొటనవేళ్లు, ఒకటి పైకి, ఒకటి కిందికి.

కిందికి ఉన్నదాన్ని నొక్కాను, ఆ పెట్టెకు సమాధానంగా. యాప్ దాన్ని సినిమా ఖాతాలో రాసుకుంది. అప్పట్నుంచీ ఆ డైరెక్టర్ సినిమాలు నాకు చూపించడం మానేసింది.