ఆగమన దండ మీద డేగ

క్రిస్మస్‌కి ముందు వచ్చే నాలుగు వారాల ఆగమన కాలమంతా రోజూ తెల్లవారుజామున అయిదింటికి ఇంట్లో ప్రార్థన అని మా అమ్మ ప్రకటించేసింది. 2025లో అది నవంబరు 30న మొదలైంది. అంత పొద్దున్నే లేవాలన్నందుకు కాదు, అందరినీ లేపే పని నాకు అప్పగించినందుకే నా బాధ.

చేసేదేదో గొప్పగా చేద్దామని కొవ్వొత్తుల దండ నేనే తయారు చేశాను. 1839లో జర్మనీలో విచెర్న్ అనే పాస్టరుగారు పిల్లల కోసం బండిచక్రం మీద కొవ్వొత్తులు నిలబెట్టారు. తర్వాత అది ఇళ్లలోకి వచ్చేసరికి నాలుగు వారాలకి నాలుగు కొవ్వొత్తులు, చుట్టూ పచ్చటి కొమ్మలు అయింది. మూడు ఊదా, ఒకటి గులాబీ. పాలకొల్లు ఫ్యాన్సీ షాపులో ఊదా అంటే "వంకాయ రంగా అండీ?" అని సరిగ్గా అవే ఇచ్చాడు. కొమ్మల దగ్గరే తంటా. సార్వా కోతల రోజులు కదా అని పిచ్చుకల కుచ్చు అల్లినట్టు వరి కంకులు అల్లాను. అమ్మ లేసు దారంతో కట్టింది. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఎదురింటి బాబాయిగారి డేగ కూడా.

డేగంటే సంక్రాంతికి పెంచుతున్న పందెం కోడి. బాదం పప్పు, కైమా తింటుంది. చెరువులో ఈత కొడుతుంది. ఒళ్లు పట్టించుకుంటుంది. మా ఇంట్లో ఎవరికీ ఆ యోగం లేదు.

మూడో ఆదివారం, గులాబీ కొవ్వొత్తి వంతు. పాలు తెచ్చిన నాన్న తలుపు ఓరగా వదిలేశారు. "మెలకువగా ఉండండి" అన్న వాక్యం చదివి అమ్మ ప్రార్థన ఎత్తుకుంది. అది భీమవరం పిన్ని మోకాళ్ల దగ్గర మొదలై హైదరాబాదులో తమ్ముడి ఉద్యోగం దాకా వెళ్తుంది. మధ్యలో టక్, టక్ అని చప్పుడు. ప్రభువు తలుపు తట్టుతున్నాడన్న మాట గుర్తొచ్చి, ఆ నిద్రమత్తులో నాకు ఒళ్లు జలదరించింది. కళ్లు తెరిచాను. దండ మధ్యలో డేగ. కంకులు సగం ఖాళీ.

"అమ్మా, కోడి!"

"కోడి కూసే పేతురు కథ ఈస్టరు ముందు శ్రమల కాలంలోరా," అంది అమ్మ కళ్లు మూసుకునే.

నేను తోలాను. అది ఎగిరింది. గులాబీ కొవ్వొత్తి నాన్న లుంగీ మీద పడింది. ఆయన "ఆమేన్!" అని అరిచిన అరుపుకి ప్రార్థన అక్కడితో ముగిసింది.

బాబాయిగారు పరుగున వచ్చారు. మా కోసం కాదు.

"వడ్లు తినేశాడా అండీ? కొవ్వు పట్టేస్తుందండీ! అయ్యో, ముక్కుకి మైనం! అక్కయ్యగారూ, మైనం అరుగుతుందంటారా?"

అమ్మకి జాలేసి కోడి కడుపు కోసం ప్రార్థన చేసింది. "పనిలో పని, పందెం గురించి కూడా..." అని ఆయన నసిగితే మాత్రం కళ్లెర్ర చేసింది.

మర్నాడు అయిదింటికి బాబాయిగారు కోడిని చంకలో పెట్టుకుని మా గుమ్మంలో కూర్చున్నారు.

"మీరు కళ్లు మూసుకోండి అక్కయ్యగారూ, నేను మెలకువగా ఉంటాను."