పూలదొంగ మాస్టారికి వినతిపత్రం

తెల్లారకుండానే ఎదుటివాళ్ల గోడలెక్కి పూలు కోసుకుపోయేవాళ్లని మన సమాజం చిన్నచూపు చూడటాన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను. నిన్నమొన్నటిదాకా నేనూ చూసినవాణ్ణే.

విశాఖలో మా గేటు పక్కన, ప్రహరీకీ కారుకీ మధ్య మిగిలిన రెండడుగుల జాగాలో నూరువరహాల మొక్క నాటాను. నర్సరీ భాషలో మినీ ఇక్సోరా. కడియం సరుకన్నాడు కుర్రాడు. మోకాలెత్తు దాటదు, ఆకు రాల్చదు, ఏడాదంతా పూస్తుందన్నాడు. అద్దెకుండేవాళ్లలో కూడా ఇన్ని సుగుణాలు ఆశించం.

వరహా అంటే వరాహం బొమ్మ ముద్రించిన పాతకాలపు బంగారు నాణెం. సింహాచలం కొండమీద సాక్షాత్తూ వరాహస్వామే ఉండగా ఈ ఊళ్లో నూరువరహాలు కలిసిరాకపోతాయా? రాలేదు. మూడో నెలకి లేతాకులు పసుపెక్కాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి. మా ఆవిడ కామెర్లంది. తీరా చూస్తే ఇనుము లోపం. ఇది పులుపు నేల కోరే మొక్క. గోడ కట్టినప్పుడు మిగిలిన సిమెంటూ సున్నమూ కలిసిన మట్టిలో పెట్టి, పైన బోరు నీళ్లు పోస్తే, నేలలో ఉన్న ఇనుమునైనా వేళ్లు అందుకోలేవు. ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న ఊళ్లో, ఇనప ఖనిజం ఓడలకెత్తే రేవు పక్కన, నా మొక్కకి ఇనుము కరువు! ఆ మట్టి తవ్విపోసి, ఎర్రమట్టీ మాగిన పశువుల ఎరువూ నింపి, వేళ్లు అందుకోగలిగే రూపంలో ఇనుముండే ఐరన్ చీలేటు చల్లాక తేరుకుంది. గుత్తులు గుత్తులుగా పూసింది.

అప్పుడు దిగారు మాస్టారు. స్పోర్ట్స్ షూస్, మంకీ క్యాప్, చేతిలో ప్లాస్టిక్ కవరు. మొక్క పొట్టిది కాబట్టి కొక్కెం కర్ర ఖర్చు కూడా లేదు.

"ఏంటండీ ఇది?"

"స్వామికి బాబూ. పుణ్యం మీకే."

కవరు ఆయనకి, పుణ్యం నాకు. పంపకం బానే ఉంది.

మాస్టారు కూతురి దగ్గరికి బెంగళూరు వెళ్లారు. రెండు నెలల్లో నా మొక్క రూపం చెడింది. గుత్తులు కొమ్మలమీదే గోధుమరంగుకి మాడాయి, కొమ్మలు తలోదిక్కూ సాగాయి. ఇక్సోరా కొమ్మ చివరే పూస్తుందనీ, ఆ చివర తుంచితే కింద కణుపుల్లోంచి పక్క కొమ్మలు వచ్చి పొద గుబురుగా ఉంటుందనీ అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ ఆ పని పైసా తీసుకోకుండా చేసింది ఎవరు?

కాబట్టి మాస్టారూ, త్వరగా వచ్చేయండి. గేటు గడియ వెయ్యడం లేదు. కాస్త పెద్ద కవరు తెచ్చుకోండి. గోడవైపు కూడా కొయ్యాలి, అటు మీరెప్పుడూ వంగరు.