లూథర్ యాకోబు పత్రికను చించిపారెయ్యలేదు: ‘నమ్మితే చాలు’ సందేశానికి జవాబు

పోయిన గుడ్ ఫ్రైడే వారంలో ఒకే సందేశం నాకు రెండు వాట్సాప్ గ్రూపుల్లో వచ్చింది. స్కూలు స్నేహితుల గ్రూపులో పంపినవాడు కింద నవ్వు బొమ్మలు పెట్టాడు. మా చర్చి గ్రూపులో పంపిన ఆంటీ ‘ఆమెన్’ అని పెట్టారు. ఒకరికి వెక్కిరింత, ఇంకొకరికి శుభవార్త. సందేశం మాత్రం అక్షరం మారలేదు: ‘‘క్రైస్తవంలో రక్షణకు నమ్మకం ఒక్కటే చాలు. బైబిల్ చెప్పింది పాటించినా పాటించకపోయినా తేడా లేదు.’’ దాని కింద ఐదు రుజువులు. రక్షణ అంటే దేవుడు మనిషిని పాపం నుంచి విడిపించి తన దగ్గరికి చేర్చుకోవడం.

ఆ ఐదింటిలో ఒకదాంట్లో కొంత నిజముంది. అది వచ్చినప్పుడు ఒప్పుకుంటాను. ముందు మొదటిది.

‘‘పౌలే రాశాడు: మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, అది క్రియలవలన కలిగినది కాదు.’’ పౌలు కొత్త నిబంధనలోని చాలా పత్రికలు, అంటే ఉత్తరాలు, రాసిన తొలినాటి బోధకుడు; కృప అంటే దేవుడు ఉచితంగా చూపే దయ. ఇది ఎఫెసీయులకు రాసిన పత్రిక, రెండో అధ్యాయం, 8, 9 వచనాలు. ఉన్నమాటే. అయితే సందేశం తయారుచేసినవాళ్ళ కత్తెర సరిగ్గా 10వ వచనం దగ్గర పడింది. అందులో ఏముందంటే, దేవుడు ముందుగా సిద్ధపరచిన ‘సత్‌క్రియలు చేయుటకై’ మనం క్రీస్తుయేసులో సృష్టింపబడ్డామని. క్రియల వల్ల కాదు, క్రియల కోసం. మొదటి సగం పట్టుకుని రెండో సగం వదిలేస్తే పౌలు చెప్పింది పౌలుకే ఎదురు తిరుగుతుంది.

ఈ సందేశం పౌలు కాలానికే పుట్టింది, వాట్సాప్ లేకపోయినా. రోమా పత్రిక ఆరో అధ్యాయం మొదలే దానికి జవాబు: ‘కృప విస్తరింపవలెనని పాపమందు నిలిచియుందుమా? అట్లనరాదు.’ తన మాటను జనం ఇలా వంకర తిప్పుతారని ఆయనకు ముందే తెలుసు. ఆయన ‘ధర్మశాస్త్ర క్రియలు’ అని గట్టిగా వాదించిన చోట్ల, ముఖ్యంగా గలతీ పత్రికలో, అసలు తగాదా దేని గురించి? యూదులు కాని విశ్వాసులు సున్నతి చేయించుకోవాలా, మోషే ఇచ్చిన యూదుల ధర్మశాస్త్రం కాడి కిందికి రావాలా అని. అబద్ధాలాడొచ్చా, పక్కవాడి పొలం గట్టు జరపొచ్చా అని కాదు. అదే గలతీ పత్రిక ఐదో అధ్యాయంలో వ్యభిచారం, ద్వేషం, అసూయ, తాగుబోతుతనం వరసగా చెప్పి, ఇలాంటివి చేసేవాళ్ళు దేవుని రాజ్యానికి వారసులు కారని తేల్చేశాడు.

ఇక్కడ మన తెలుగే ఒక సంగతి చెప్తుంది. ‘మావాడు మాట వినడు’ అంటే వాడికి చెవుడని ఎవరూ అనుకోరు. మనకు వినడం, లోబడడం ఒకే మాటలో ఇమిడి ఉన్నాయి. హీబ్రూ ‘షెమా’ కూడా అంతే. కొత్త నిబంధనలో విధేయతకు వాడిన గ్రీకు మాట ‘హుపకోయె’ కూడా ‘విను’ అనే ధాతువు నుంచి పుట్టిందే. రోమా పత్రిక మొదటి అధ్యాయంలో పౌలు తన పనేంటో చెప్తూ, సమస్త జనులు ‘విశ్వాసమునకు విధేయులగునట్లు’ అంటాడు. యోహాను సువార్త 3:36 ఇంకా స్పష్టం: ‘కుమారునియందు విశ్వాసముంచువాడే నిత్యజీవముగలవాడు, కుమారునికి విధేయుడు కానివాడు జీవము చూడడు.’ ఒకే వాక్యంలో నమ్మడానికి వ్యతిరేకం నమ్మకపోవడం కాదు, మాట వినకపోవడం. 1611 నాటి ఇంగ్లిష్ బైబిల్ ఈ రెండోచోట కూడా ‘నమ్మనివాడు’ అనే రాసింది. మన తెలుగు అనువాదకులు గ్రీకు మాటకు దగ్గరగా ‘విధేయుడు కానివాడు’ అన్నారు. ఆమెన్ పెట్టిన ఆంటీ ఇంట్లో ఉన్నది కూడా ఆ తెలుగు బైబిలే.

రెండో రుజువు అన్నిటికంటే ఎక్కువ దూరం ప్రయాణించింది: ‘‘క్రియలు లేని విశ్వాసము మృతమని యాకోబు రాశాడు కాబట్టి, మార్టిన్ లూథర్ ఆ పత్రికను బైబిల్లోంచి తీసేశాడు.’’

లూథర్ అంటే పదహారో శతాబ్దంలో ప్రొటెస్టెంటు ఉద్యమానికి నాంది పలికిన జర్మన్ బోధకుడు. ఆయన తీసెయ్యలేదు. 1522 సెప్టెంబరులో వెలువడిన లూథర్ జర్మన్ కొత్త నిబంధనలో యాకోబు పత్రిక ఉంది. హెబ్రీ, యూదా పత్రికలతో, ప్రకటన గ్రంథంతో కలిపి దాన్ని చివరకు నెట్టాడు, విషయసూచికలో ఆ నాలుగింటికీ వరస సంఖ్య ఇవ్వలేదు. ముందుమాటలో, పౌలు పత్రికల పక్కన పెడితే ఇది ‘గడ్డి పత్రిక’ అని కూడా అన్నాడు. ఆ నోటిదురుసు ఆయనకు మామూలే. కానీ 1534లో పూర్తి జర్మన్ బైబిల్ అచ్చయినప్పుడు ఆ గడ్డి మాట లేదు, యాకోబు పత్రిక ఉంది. ఆ పత్రికకు విడిగా రాసిన ముందుమాటలోనేమో, ఇది అపొస్తలుడు (యేసు నియమించిన తొలి బోధకుడు) రాసింది కాదని తన అభిప్రాయం చెప్తూనే, దేవుని ధర్మశాస్త్రాన్ని గట్టిగా చాటుతుంది కాబట్టి మంచి పుస్తకమేనని మెచ్చుకున్నాడు. మనిషి విశ్వాసం వల్ల నీతిమంతుడవుతాడని చెప్పే రోమా పత్రిక 3:28 అనువాదంలో మూలంలో లేని ‘మాత్రమే’ అనే మాటను చేర్చింది కూడా ఆయనే. అది నిజమైన ఆరోపణ. 1530లో దాన్ని సమర్థించుకుంటూ ఒక బహిరంగ లేఖే రాశాడు. సందేశం రాసినవాళ్ళు ఇది పట్టుకుని ఉంటే కనీసం చర్చకు నిలబడేది.

మరి లూథర్ దృష్టిలో ‘విశ్వాసం మాత్రమే’ అంటే పాటించక్కర్లేదనా? అదే 1522లో రోమా పత్రికకు రాసిన ముందుమాటలో, విశ్వాసం బతికి ఉన్నదీ, చేతులు ఊరుకోనిదీ అన్నాడు. నిప్పు నుంచి వేడినీ వెలుగునూ ఎలా విడదీయలేమో, విశ్వాసం నుంచి మంచి పనులను అలా విడదీయలేమన్నాడు. 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకం పది ఆజ్ఞలతో మొదలవుతుంది, విశ్వాస ప్రమాణం ఆ తర్వాతే. చిన్నప్పుడు ఆదివారం బడిలో అది వరస తప్పకుండా అప్పజెప్పినవాణ్ణి కాబట్టి నాకు ఈ సంగతి పుస్తకంలో చూడాల్సిన పని లేదు. అన్నిటికంటే పెద్ద సాక్ష్యం యోహాన్ అగ్రికోలాతో తగువు. అగ్రికోలా లూథర్‌కు పాత మిత్రుడు. క్రైస్తవులకు ధర్మశాస్త్రం బోధించక్కర్లేదు, దాని చోటు న్యాయస్థానమే తప్ప ప్రసంగ వేదిక కాదు అన్నాడు. 1537 నుంచి లూథర్ ఆయన మీద వరసగా వాదాలు నడిపాడు, 1539లో ఖండన అచ్చువేశాడు. అంటే మన వాట్సాప్ సందేశానికి మొదటి ఖండన రాసినవాళ్ళలో లూథర్ ఒకడు.

పౌలుకూ యాకోబుకూ పొత్తు కుదరదనేవాళ్ళు ఇద్దరూ అబ్రాహామునే సాక్షిగా పిలిచారని గమనించాలి. ఆదికాండం 15:6, అబ్రాహాము నమ్మాడు, అది అతనికి నీతిగా ఎంచబడింది. ఇద్దరూ ఈ వాక్యాన్నే ఎత్తి చూపారు. పౌలు చూసేది ఆ క్షణాన్ని, అప్పటికి సున్నతి లేదు. యాకోబు చూసేది ఎన్నో ఏళ్ల తర్వాత ఆదికాండం 22లో ఇస్సాకును బలిపీఠం మీద పెట్టిన రోజును. చేరేటప్పుడు ఏం తెచ్చావని ఒకరి ప్రశ్న, చేరిన తర్వాత ఏమయ్యావని రెండోవారిది. యాకోబు మండిపడింది కూడా బట్టలూ తిండీ లేని సహోదరుడితో ‘సమాధానముగా వెళ్లుడి, చలి కాచుకొనుడి’ అని ఉత్త మాట చెప్పి పంపేవాడి మీద. దయ్యాలు కూడా నమ్మి వణుకుతున్నాయని ఎత్తిపొడిచింది ఆ కోపంలోనే. అయినా కొన్ని వాక్యాలు మాటకు మాట ఢీకొంటాయి. ధర్మశాస్త్ర క్రియలు లేకుండా విశ్వాసం వల్లనే అనే రోమా 3:28 పక్కన, విశ్వాసం మాత్రమే కాదు, క్రియల వల్ల కూడా అనే యాకోబు 2:24 పెట్టి చూడండి. ఆ ఇబ్బంది లేదని దబాయించే బోధకులను నేను నమ్మను.

మూడోది యేసు పక్కన సిలువ వేయబడి, చివరి క్షణంలో ఆయన్ని నమ్మిన దొంగ. ‘‘వాడు ఏం పాటించాడు? అయినా పరదైసుకు వెళ్ళాడు. మంచివాడు నమ్మకపోతే మాత్రం నరకం.’’ చేతులకు మేకులు దిగినవాడు ఏం చేయగలడో అది చేశాడు. తోటి దొంగను గద్దించాడు, తనకు పడిన శిక్ష న్యాయమేనని పదిమంది ముందు ఒప్పుకున్నాడు, జ్ఞాపకం చేసుకొమ్మని అడిగాడు. అదే లూకా సువార్తలో నాలుగు అధ్యాయాల ముందు చేతులకు మేకులు లేని జక్కయ్య అనే పన్నులు వసూలు చేసేవాడు కనిపిస్తాడు. అతను ఆస్తిలో సగం బీదలకు ఇస్తానని, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగి ఇస్తానని అన్నాక ‘నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది’ అన్న మాట వినిపిస్తుంది. ఇక మంచివాడికి నరకమన్న మాట. అలా బోధించే సంఘాలు చాలా ఉన్నాయి, కాదనను. క్రైస్తవులంతా అలాగే అంటారన్నది మాత్రం తప్పు. తన తప్పు లేకుండా సువార్త ఎరగకపోయినా, మనస్సాక్షి చెప్పినట్టు నడిచేవాడు రక్షణ పొందగలడని కతోలిక సంఘపు రెండో వాటికన్ మహాసభ 1964లోనే రాసిపెట్టింది.

కతోలికుల గురించి నాలుగోది: ‘‘వాళ్ళు పుణ్యకార్యాలతో స్వర్గం కొనుక్కుంటారు, ప్రొటెస్టెంట్లు నమ్మకంతో పోతారు, రెండూ వేర్వేరు మతాలు.’’ మా అమ్మమ్మ కతోలికురాలు. మేం కృప అనేదాన్ని ఆమె వరప్రసాదం అనేది, అంతే తేడా అనుకుని పెరిగాను. తేడా అంత చిన్నదేం కాదు గానీ ఈ సందేశం చెప్పిన తేడా మాత్రం కాదు. లూథర్‌కు జవాబుగా కూడిన కతోలికుల ట్రెంట్ మహాసభ 1547 జనవరిలో నీతీకరణ (దేవుని ముందు మనిషి నీతిమంతుడు కావడం) మీద శాసనాలు చేసింది. అందులో మొట్టమొదటిదే, దైవానుగ్రహం లేకుండా మనిషి సొంత క్రియలతో నీతిమంతుడు కాగలడనేవాణ్ణి శపిస్తుంది. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో కతోలిక సంఘం, లూథరన్ ప్రపంచ సమాఖ్య ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. మన యోగ్యత వల్ల కాక కృప చేతనే దేవుడు మనల్ని అంగీకరిస్తాడని, పరిశుద్ధాత్మ మనల్ని మంచి పనులకు సిద్ధం చేసి పిలుస్తాడని ఇద్దరూ ఒప్పుకున్నారు. 2006లో మెథడిస్టులు, 2017లో రిఫార్మ్‌డ్ సంఘాలు (సంస్కర్త కాల్విన్ బాటలో నడిచేవి) ఆ ప్రకటనతో కలిశాయి. గుంటూరు కేంద్రంగా ఉన్న ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం ఆ సమాఖ్యలో సభ్యురాలే. ఈ సంగతి ఆదివారం ప్రసంగంలో నేను ఒక్కసారీ వినలేదు, అది వేరే బాధ.

కొంత నిజం ఉందన్నది ఐదో దాంట్లో. ‘‘ఒకసారి రక్షణ పొందితే ఇక ఏం చేసినా పోదు, మన పల్లెల్లో జనాన్ని చేర్చుకుంది ఈ మాట చెప్పే.’’ మొదటి సగం చెప్పేవాళ్ళు నిజంగా ఉన్నారు. 1980లలో అమెరికాలో ఈ విషయం మీదే పెద్ద తగువు జరిగింది. నమ్మినవాడి బతుకులో మార్పు కనిపించకపోయినా రక్షణ ఖాయమేనని జేన్ హాడ్జెస్ అనే బోధకుడి పక్షం, యేసును ప్రభువుగా ఒప్పుకుని లోబడనిది విశ్వాసమే కాదని జాన్ మెకార్థర్ అనే పాస్టరు పక్షం. హాడ్జెస్ పక్షం మాటలు మన టీవీ ప్రసంగాల్లోనూ అప్పుడప్పుడు వినిపిస్తాయి. కానీ వాళ్ళు ఒక పాయ, నది కాదు. రక్షణ పోదని గట్టిగా చెప్పిన కాల్విన్ వారసులు కూడా, హాలెండ్‌లో జరిగిన 1618–19 డోర్ట్ సంఘ సభలో, ఆ నిశ్చయత మనిషిని విచ్చలవిడిగా వదిలెయ్యదని రాసుకున్నారు. లూథరన్లు, మెథడిస్టులైతే పడిపోవడం సాధ్యమేనంటారు. కతోలికుల సంగతి చెప్పనక్కర్లేదు, చావైన పాపానికి (ఆత్మను దేవునికి దూరం చేసే ఘోర పాపానికి) పాపసంకీర్తనం, అంటే గురువు దగ్గర పాపం ఒప్పుకోవడం, ఉన్నది అందుకే.

రెండో సగం మాత్రం మన నేల మీదే తేలిపోతుంది. 1866లో ఒంగోలు వచ్చిన అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ బాప్టిస్టు, విశ్వాసం వల్లనే రక్షణ అని బోధించినవాడు. చేరతామని వచ్చినవాళ్ళకు ఆయన పెట్టిన పరీక్షలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఊరి పెత్తందార్ల పొలాల్లో బతికే మాదిగ కుటుంబాలకు ఆదివారం పని మానడమంటే ఏమిటో ఊహించుకోండి. 1876–78 కరువులో బకింగ్‌హాం కాలవ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించిన ఆయన, ఆ రోజుల్లో బాప్తిస్మం అడిగినవాళ్ళకు ఏడాదికి పైగా ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారో విశ్వాసంతో వచ్చారో తేలాలన్నాడు. కూలి పని ముగిశాక కూడా వాళ్ళు మళ్ళీ వచ్చి అడిగారు. 1878 జులై 3న గుండ్లకమ్మ నీళ్ళలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు.