టికెట్టు సరే, ఇంజనీరును ఇస్తున్నారా?

చిత్రకారులను, శిల్పులను వేరే దేశానికి పిలిచి కొన్ని నెలలు అక్కడే ఉండి పనిచేయనిస్తే (దీన్నే రెసిడెన్సీ అంటారు) ఎందుకని ఎవరూ అడగరు. అక్కడి వెలుతురు, రాయి, బట్టీ, మనుషులు అంటూ కారణాలు కళ్లెదుటే కనిపిస్తాయి. డిజిటల్ మాధ్యమంలో పనిచేసేవారి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ ప్రశ్న తప్పదు. పని మొత్తం ఒక ల్యాప్‌టాప్‌లో ఇమిడి ఉంటుంది. వీడియో అయినా, శబ్దమైనా, కోడ్ అయినా క్షణాల్లో ఖండాలు దాటుతుంది. కుర్చీ ఎక్కడుంటే ఏమిటి? అలాంటి మనిషిని విమానం ఎక్కించి, గది చూపించి, స్టైపెండ్ ఇచ్చి రెండు నెలలు పోషించడం దేనికని నిధులిచ్చేవారు అడుగుతూనే ఉంటారు. అడగడంలో తప్పులేదు.

2020లో సరిహద్దులు మూతపడినప్పుడు దీన్ని తేల్చుకునే అవకాశం అనుకోకుండా వచ్చింది. చాలా సంస్థలు రెసిడెన్సీలను ఆన్‌లైన్‌కు మార్చాయి. ఆలోచన కొత్తదేమీ కాదు. జర్మనీలో స్టట్‌గార్ట్‌లోని అకాడమీ ష్లోస్ సాలిట్యూడ్, కార్ల్స్‌రూహెలోని మీడియా కళల కేంద్రం జెడ్‌కేఎం కలిసి 2016 నుంచే వెబ్ రెసిడెన్సీలు నడిపాయి. తెర మీద పుట్టి తెర మీదే ముగిసే పనులకు ఆ పద్ధతి చక్కగా సరిపోయింది. మిగతావాటికి సరిపోలేదు. ఎందుకు సరిపోలేదన్న దానిలోనే ఈ కార్యక్రమాలు దేనికి డబ్బు పెట్టాలో, ఇప్పుడు దేనికి పెడుతున్నాయో తెలిసిపోతుంది.

బ్రిటన్ కళాకారిణి ఆనా రిడ్లర్ సంగతి చూడండి. 2018లో యూరోపియన్ మీడియా ఆర్ట్ ప్లాట్‌ఫామ్ పథకం కింద ఆమె నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్‌కు, ఇంపాక్ట్ అనే సంస్థకు వెళ్లారు. అది తులిప్ పూల కాలం. పూలు కొని తెచ్చి, ఒక్కొక్కదాన్నీ నల్లటి నేపథ్యం మీద ఉంచి ఫొటో తీశారు. అలా 10,000 ఫొటోలు పోగయ్యాయి. ప్రతి ఫొటోకూ పువ్వు రంగేమిటి, చారలున్నాయా, మొగ్గా లేక విచ్చుకున్నదా అన్న వివరాలను స్వయంగా చేతితో రాసుకున్నారు. ఆ ఫొటోలతో యంత్రానికి శిక్షణ ఇచ్చి చేసిన 'మొజాయిక్ వైరస్' వీడియోలో, ఎక్కడా పూయని తులిప్‌లు తెర మీద విచ్చుకుంటూ ఉంటాయి. వాటి రేకుల మీది చారలు బిట్‌కాయిన్ ధరను బట్టి మారుతుంటాయి. 1630ల్లో డచ్చి వ్యాపారులు చారల తులిప్ దుంపల కోసం వెర్రెత్తిపోయారు. ఆ చారలు ఒక వైరస్ వల్ల వచ్చేవని వాళ్లకు తెలియదు.

కృత్రిమ మేధ అనగానే అంతా ఎక్కడో సర్వర్లలో జరిగిపోతుందనుకుంటాం. ఇక్కడ డేటాయే నాలుగు రోజుల్లో వాడిపోతుంది. అది దొరికే ఊరు, దొరికే నెల వేరే ఉన్నాయి. మనిషి వెళ్లాల్సిందే. ఇంటర్నెట్‌లో దొరికిన పూల బొమ్మలు దించుకుని ఇదే పని చేసి ఉంటే వీడియో వచ్చేదేమో గాని, దాని వెనక చేతిరాతలు ఉండేవి కావు.

అయితే ప్రతి డిజిటల్ పనికీ ఇలా ఒక ఊరితో లంకె ఉండదు. ఎక్కువసార్లు కళాకారుడు వెళ్లేది ఊరి కోసం కాదు, అక్కడ యంత్రం సంగతి తెలిసిన మనిషి కోసం. ఈ రంగం పుట్టింది కూడా అలాగే. 1966 అక్టోబరులో న్యూయార్క్‌లోని 69వ రెజిమెంట్ ఆయుధాగారంలో జరిగిన 'నైన్ ఈవెనింగ్స్' ప్రదర్శనల కోసం 10 మంది కళాకారులు దాదాపు 30 మంది ఇంజనీర్లతో నెలల తరబడి కూర్చుని పనిచేశారు. ఇంజనీర్లలో అత్యధికులు టెలిఫోన్ రంగ పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్ వారే. రాబర్ట్ రౌషెన్‌బర్గ్ చేసిన 'ఓపెన్ స్కోర్'లో ఇద్దరు టెన్నిస్ ఆడతారు. బంతి తగిలిన ప్రతిసారీ హాలంతా పెద్ద శబ్దం మోగుతుంది, పైన ఒక దీపం ఆరిపోతుంది. దీపాలన్నీ ఆరి చిమ్మచీకటి కమ్మేసరికి ఆట ముగుస్తుంది. వినడానికి ఎంత సులువో! రాకెట్టు పిడిలో పట్టేంత చిన్న ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్‌ను 1966లో ఎవరో ఒకరు కూర్చుని తయారు చేయాలి. ఆ మనిషి లేకపోతే రౌషెన్‌బర్గ్ ఊహ కాగితం దాటేది కాదు. ప్రదర్శనలు ఆలస్యమయ్యాయి, పరికరాలు మొరాయించాయి, విమర్శకులు విసుక్కున్నారు. ఆ తర్వాత బెల్ ల్యాబ్స్ ఇంజనీరు బిల్లీ క్లూవర్, ఆయన మిత్రులు కలిసి నిలబెట్టిన ఈఏటీ (ఎక్స్‌పెరిమెంట్స్ ఇన్ ఆర్ట్ అండ్ టెక్నాలజీ) సంస్థ మాత్రం ఒక పనిని వదల్లేదు: కళాకారుడికి తగిన ఇంజనీరును వెతికి జత కలపడం.

జర్మనీలోని వెర్క్‌లైట్స్ సంస్థ 1995లో మొదలుపెట్టిన యూరోపియన్ మీడియా ఆర్టిస్ట్స్ ఇన్ రెసిడెన్స్ ఎక్స్ఛేంజ్, 2011లో యూరప్ కణ భౌతిక పరిశోధన సంస్థ సెర్న్ మొదలుపెట్టిన 'కొలైడ్' ఈ వంశంలోవే. సెర్న్‌లో కళాకారుడికి ఒక శాస్త్రవేత్తను జోడీగా పేరు పెట్టి మరీ ఇచ్చారు. అందుకే నా దృష్టిలో అది మిగతావాటికన్నా నిజాయితీ ఉన్న పద్ధతి. సాధారణంగా రెసిడెన్సీ ప్రకటనల్లో ప్రయాణ ఖర్చు, వసతి, స్టైపెండ్, నిర్మాణ నిధి అంకెలతో సహా ఉంటాయి. చివర 'సాంకేతిక సహకారం అందుబాటులో ఉంటుంది' అని ఒక ముక్క ఉంటుంది. ఎవరి సహకారం, వారానికి ఎన్ని గంటలు, ఆ మనిషికి ఇంకేం పనులున్నాయి అన్నది ఉండదు. రెసిడెన్సీ మంచిదో కాదో తేలేది ఆ ముక్క దగ్గరే.

గదిలోకి వచ్చినవారి కదలికను పసిగట్టి శబ్దం మార్చే ఇన్‌స్టలేషన్ ఒకటి అనుకుందాం. ఇంట్లో బల్ల మీద అది అద్భుతంగా పనిచేస్తుంది. ఆతిథ్య సంస్థ హాలులో పెట్టగానే కిటికీలోంచి పడే ఎండకు, దూరాన్ని కొలిచే డెప్త్ కెమెరా తికమకపడుతుంది, ఎందుకంటే అది చూసే పరారుణ కాంతి ఎండలోనూ దండిగా ఉంటుంది. ప్రొజెక్టర్ దూరంగా ఉందని 20 మీటర్ల మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్ లాగితే బొమ్మ వస్తూ పోతూ ఉంటుంది. సెన్సర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోకుండా సంస్థ నెట్‌వర్క్‌లోని ఫైర్‌వాల్ అడ్డుపడుతుంది. పాస్‌వర్డ్ తెలిసిన ఉద్యోగి సెలవులో ఉంటారు. ఇందులో ఒక్కటీ కళకు సంబంధించిన సమస్య కాదు. హాలు ఆనుపానులు తెలిసిన టెక్నీషియన్ పూటలో తేల్చేస్తారు. ఆ టెక్నీషియన్ అదే నెలలో మరో ముగ్గురికీ, దానికి తోడు రాబోయే ఫెస్టివల్‌కూ పనిచేస్తుంటే రెండు నెలల్లో మూడో వంతు ఎదురుచూపుల్లోనే కరిగిపోతుంది. చివరి వారంలో కంగారుగా ఏదో ఒకటి నిలబెట్టి, ఫొటోలు తీసి, ఇంటికి వెళ్లిపోతారు. వార్షిక నివేదికలో ఆ ఫొటో బ్రహ్మాండంగానే ఉంటుంది.

దరఖాస్తుల తంతు కూడా దీనికి తగ్గట్టే ఉంది. ఇంకా చేయని పనిని పూర్తయినట్టు వర్ణించాలి, బడ్జెట్ వేయాలి, ప్రేక్షకుల మీద ప్రభావం ఎలా ఉంటుందో జోస్యం చెప్పాలి. ఒక చోటుకు వంద మంది రాస్తే 99 మంది రాతకోతలకు కూలి లేదు.

ఇక యంత్రాలే మరీ ఖరీదైపోయిన చోట కంపెనీలు ప్రవేశిస్తాయి. దీన్ని మొదటి నుంచీ చెడు అనేయడం అన్యాయం. డిజిటల్ కళాకారుడు రెఫిక్ అనడోల్ 2016లో గూగుల్ వారి రెసిడెన్సీలో దొరికిన మనుషులు, కంప్యూటర్ల తోడుతో ఇస్తాంబుల్‌లోని సాల్ట్ పరిశోధన సంస్థకు చెందిన 17 లక్షల పత్రాలను ఒక గదిలో ప్రేక్షకుడి చుట్టూ తిరిగేలా చేశారు. ఒంటరి కళాకారుడికి అది అసాధ్యం. కాని కంపెనీ ఆతిథ్యానికి ఒక హద్దు ఉంటుంది, అది సాధారణంగా ఖర్చు దగ్గర బయటపడుతుంది. 1970 ఒసాకా ప్రపంచ ప్రదర్శనలో పెప్సీ మండపాన్ని ఈఏటీ బృందమే తీర్చిదిద్దింది. ఫుజికో నకయా ఆ గోపురాన్ని మంచి నీటి పొగమంచుతో కప్పేశారు. ప్రదర్శన మొదలైన కొద్దికాలానికే నిర్వహణ ఖర్చుల దగ్గర పేచీ వచ్చింది, కంపెనీ కళాకారులను పక్కకు తప్పించి మండపాన్ని తన చేతుల్లోకి తీసుకుంది. 2024 నవంబరులో ఓపెన్‌ఏఐ వారి 'సోరా' వీడియో సాధనాన్ని ముందస్తుగా వాడి చూస్తున్న కళాకారుల్లో కొందరు ఆ ప్రవేశాన్ని అందరికీ తెరిచేసి, తమ చేత జీతం లేని పరీక్షకుల పని, ప్రచారం పని చేయిస్తున్నారని బహిరంగంగా రాశారు. కంపెనీ కొన్ని గంటల్లోనే ఆ దారి మూసేసింది. అది రెసిడెన్సీ కాదు నిజమే, కాని బేరం అదే: యంత్రం మాది, సమయం మీది. పత్రికా ప్రకటనలో ఎవరి పేరు పెద్దగా ఉంటుందో వేరే చెప్పాలా?

ఇంజనీరు, యంత్రం, కాలం అన్నీ కుదిరినా ఆ గదిలోకి ఎవరు చేరగలరన్నది పాస్‌పోర్టు నిర్ణయిస్తుంది. షెంగెన్ దేశాల్లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) స్వల్పకాలిక వీసా మీద ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. రెండు నెలల రెసిడెన్సీ అందులో ఇమిడిపోతుందని నిర్వాహకులు అంటారు. లెక్క వేసి చూడండి. మార్చి 1 నుంచి ఏప్రిల్ 30 వరకు ఉంటే 61 రోజులు. అదే పనిని జులై 20కి మరో షెంగెన్ నగరంలో ప్రదర్శించాలంటే అక్కడి నుంచి 180 రోజులు వెనక్కి లెక్కిస్తారు కాబట్టి ఆ 61 రోజులూ అందులోనే పడతాయి. మిగిలేది 29. ఇన్‌స్టలేషన్ బిగించాలి, చెడితే బాగు చేయాలి, మధ్యలో మరో దేశంలో ప్రసంగానికి పిలిస్తే దానికీ ఇందులోంచే తీయాలి. పక్క బల్ల దగ్గర పనిచేసే యూరోపియన్ యూనియన్ కళాకారుడికి ఈ గణితంతో పనే లేదు. పెద్దల వీసా రుసుము 2024 జూన్ 11 నుంచి 80 యూరోల నుంచి 90కి పెరిగింది, వీసా నిరాకరించినా అది తిరిగి రాదు. స్టైపెండ్ తీసుకుంటే పర్యటన కిందికి వస్తుందా, ఉద్యోగం కిందికి వస్తుందా అంటే ఒక్కో దేశానిది ఒక్కో మాట. సంపన్న దేశానికి చెందినంత మాత్రాన దిగులు లేదనుకోవడానికీ వీల్లేదు. రిడ్లర్ యూట్రెక్ట్‌కు వెళ్లిన పథకానికి కొంత డబ్బు యూరోపియన్ యూనియన్ వారి సాంస్కృతిక నిధి క్రియేటివ్ యూరప్ నుంచి వచ్చింది. 2021 నుంచి బ్రిటన్ అందులో లేదు.

సాంస్కృతిక వ్యక్తీకరణల వైవిధ్యంపై 2005లో కుదిరిన యునెస్కో ఒప్పందంలో 16వ అధికరణం, అభివృద్ధి చెందుతున్న దేశాల కళాకారులకు సంపన్న దేశాలు ప్రత్యేక వెసులుబాటు కల్పించాలని స్పష్టంగానే చెబుతోంది. వీసా కౌంటర్ దాకా ఆ కాగితం చేరినట్టు కనిపించదు. ఇంటర్నెట్‌కు హద్దుల్లేవని ఊదరగొడుతున్న రోజుల్లోనే కళాకారులు హీత్ బంటింగ్, కేల్ బ్రాండన్ కలిసి యూరప్ సరిహద్దులను తనిఖీ కేంద్రాల గుండా కాకుండా కాలినడకన దాటి, ఆ దారుల వివరాలను 'బోర్డర్‌క్రాసింగ్ గైడ్' పేరుతో వెబ్‌లో పెట్టారు. చమత్కారం ఏమిటంటే ఆ సైటు ఎవరికి పడితే వారికి తెరుచుకునేది కాదు, అనుమతి కావాలి.

వీసా గొడవ అంతా ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లేవారి గురించే. అక్కడివారే ఇటు వస్తే ఏమవుతుందో చెప్పే పాత ఉదాహరణ ఒకటుంది. 1969లో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థకు వచ్చి, మూగ్ సింథసైజర్‌తో ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియోను నెలకొల్పడంలో తోడ్పడ్డారు. ఆయన వెళ్లిపోయారు, యంత్రం ఉండిపోయింది. సంగీతకారిణి గీతా సారాభాయ్ తదితరులు 1972 దాకా దాని మీద పనిచేసి టేపులు నింపారు. నేటి రెసిడెన్సీల్లో చాలావాటికన్నా ఇది మేలైన పద్ధతని నా అభిప్రాయం. అతిథి ఫలితాన్ని మూటగట్టుకుని పోలేదు, స్థానికులకు పనిముట్టు, దాన్ని వాడే నేర్పు మిగిలాయి. కాని స్టూడియో నిలవలేదు, టేపులు దశాబ్దాల పాటు సంస్థ భాండాగారంలో పడి ఉన్నాయి. బ్రిటిష్ కళాకారుడు పాల్ పర్గస్ వాటిని వెలికితీశాక 2023లో అవి సంకలనంగా లోకం ముందుకు వచ్చాయి.

టేపులు కాబట్టి బతికాయి. ఇప్పటి పనులకు అంత ఆయుష్షు లేదు. వెబ్‌లో కదిలే బొమ్మలను ఆడించే ఫ్లాష్ సాఫ్ట్‌వేర్‌కు 2020 డిసెంబరు 31న అడోబీ మద్దతు ఆపేయగానే రెండు దశాబ్దాల వెబ్ కళలో పెద్ద భాగం మామూలు బ్రౌజర్‌లో తెరుచుకోకుండా పోయింది. 2012 అక్టోబరులో శాండీ తుపాను న్యూయార్క్‌లోని ఐబీమ్ అనే డిజిటల్ కళల సంస్థ భవనాన్ని ముంచినప్పుడు ఏళ్ల తరబడి రెసిడెన్సీల్లో తయారైన పనుల డిస్కులు, టేపులు నీళ్లలో నానాయి. వాటిని ఒక్కొక్కటిగా కడిగి ఆరబెట్టడానికి పరిరక్షకులు, కళాకారులు కలిసి చేతులు కలపాల్సి వచ్చింది. తుపాను కనీసం కంటికి కనిపిస్తుంది. ఎక్కువ పనులు చడీచప్పుడు లేకుండా పోతాయి: సర్వర్ అద్దె కట్టేవారు ఉండరు, కోడ్ నడిచే వెర్షన్ ఏదో రాసి ఉండదు, ప్రత్యేకంగా చేయించిన సర్క్యూట్ బోర్డుకు రెండో ప్రతి ఉండదు.

రెసిడెన్సీ ఒప్పందాల్లో లోగో ఎక్కడ వేయాలో, ప్రదర్శన తొలి హక్కు ఎవరిదో సెంటీమీటర్లతో, తేదీలతో ఉంటుంది. ఐదేళ్ల తర్వాత ఎవరైనా దీన్ని నడపాలంటే ఎవరిని అడగాలో ఉండదు. నిర్మాణ నిధిలో పదో వంతైనా నిర్వహణకు విడిగా ఉంచాలి, టెక్నీషియన్ గంటలను స్టైపెండ్ లాగే అంకెతో ప్రకటించాలి. అలా చేస్తే ఏటా పిలవగలిగే కళాకారులు ఒకరిద్దరు తగ్గుతారు, నివేదికలో దేశాల జాబితా కొంచెం చిన్నదవుతుంది. ఆ తగ్గుదల ఎందుకో నిధులిచ్చేవారి ముందు నిలబడి చెప్పగల డైరెక్టరు ఎక్కడున్నారో కనుక్కుని, దరఖాస్తు అక్కడికి పంపడం మంచిది.